లేని తీగ పొడవు

మొగిలిపాకలో రేషను బియ్యం తినాలంటే గుట్ట ఎక్కాలి. బియ్యం గుట్ట మీద ఉండవు. కిందనే, ఊరి నడుమ సాంబయ్య దుకాణంలో బస్తాల్లో ఉంటాయి. కాని వచ్చిన మనిషి ఆ మనిషేనని మిషను నమ్మాలి. నమ్మాలంటే మనిషి వేలు పెట్టాలి. ఆ వేలు ఎవరిదో ఈ చిన్న మిషను ఎక్కడో పట్నంలో ఉన్న పెద్ద మిషనును అడగాలి. అడగాలంటే సిగ్నల్ కావాలి. ఆ సిగ్నల్ గుట్ట మీద ఒక బండ దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఊళ్లోకి దిగదు.

అందుకని నెలనెలా సాంబయ్య మిషనును పసిపిల్లలాగా తువాలలో చుట్టి, చంకకెత్తుకుని గుట్ట ఎక్కుతాడు. వెనకాల ఊరు ఎక్కుతుంది. బండ మీద వేళ్లు పెట్టి, చీటీలు పట్టుకుని, దిగివచ్చి బియ్యం తీసుకుంటారు. ఆ బండకు వేలుబండ అని పేరు పడింది. కాపురానికి వచ్చిన కొత్తకోడలికి నీళ్ల ట్యాంకు, బడి చూపించాక దాన్ని కూడా చూపిస్తారు.

ఇది ఇలాగే సాగిపోయేది. దుకాణం ఎదురింటి ఓదెమ్మ వాళ్ల అత్త లస్మవ్వకు మోకాళ్లు పోవడంతో చిక్కు వచ్చింది. ముసలామెను నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుపోయారు. గుట్ట దారిలో పొరుగూరివాళ్లు ఎదురై, చెప్పులు విడిచి పక్కకు జరిగి దండం పెట్టారు. ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. లస్మవ్వ మంచం మీద లేచి కూర్చుని, వాళ్ల ఏడు తరాలను పేరుపేరునా తిట్టి, ఇక ఆ గుట్ట ఎక్కితే ఒట్టు అని మంచాన్ని దారిలోంచే వెనక్కి తిప్పించింది. వరుసగా మూడు నెలలు వేలు పడకపోతే కార్డులో పేరు కొట్టేస్తారు. ఆ లెక్కన ఒక నెల అప్పటికే గడిచింది.

"పేరు పోతే బియ్యం పోతయత్తా," అని ఓదెమ్మ బతిమాలింది.

"బతికుండంగనే దండాలు పెట్టించుకున్న. ఇగ బియ్యమెందుకే నాకు," అన్నది లస్మవ్వ. అన్నదే కాని, ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

అప్పుడు ఓదెమ్మ కోడలు స్రవంతి మాట కలిపింది. ఆ పిల్ల పెళ్లికి ముందు జిల్లా పట్నంలో ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసింది. "అత్తమ్మా, అమ్మమ్మను గుట్ట మీదికి మోసుడెందుకు, సిగ్నల్‌నే కిందికి తెద్దాం," అన్నది. మండలం దాకా పెద్ద కంపెనీ లైను ఉన్నది. అక్కడ మేడ మీద ఒక డిష్, ఊళ్లో ఎత్తయినచోట ఒక డిష్ పెట్టి, ఒకదాని మొహం ఒకటి చూసేటట్టు తిప్పితే చాలు. నడుమ తీగ అక్కర లేదు. ఊళ్లో ఇంటింటికీ నెలకింతని కనెక్షన్లు ఇచ్చుకోవచ్చు. వ్యాపారానికి వ్యాపారం, వేలుకు వేలు.

"తీగనే ఎందుకు గుంజొద్దు?" అని ఓదెమ్మ అడిగింది.

"నడుమ రోడ్డున్నది, వాగున్నది, అడవి ఉన్నది. ముగ్గురు ఆఫీసర్లు ఒప్పుకోవాలె. మనమెవలం వాళ్లతోటి? గాలిని అడిగేటోడు ఎవడూ లేడు."

అడిగేవాడు ఉన్నాడని ఆ పిల్లకు అప్పటికి తెలియదు.

మహిళా సంఘం పేరు మీద పని మొదలైంది. ఊళ్లో ఎత్తయినది పోచమ్మ గడ్డ మీది తాడిచెట్టు. కల్లు గీసే రాజమల్లు మోకు తగిలించుకుని ఎక్కి, కల్లు లొట్టి కట్టేచోట డిష్ కట్టాడు. "గీ చెట్టు ఇగ కల్లు పారుతదా, సినిమాలు పారుతదా," అని పైనుంచి అరిచాడు. మొదటి సాయంత్రమే సిగ్నల్ వచ్చింది. సాంబయ్య మిషను దుకాణంలో కూర్చున్నచోటనే కూత కూసింది. ఊరంతా చూడడానికి వచ్చింది. లస్మవ్వను రేపు పొద్దున తీసుకురండి అన్నాడు సాంబయ్య.

పొద్దున లస్మవ్వకన్నా ముందు తీగల ఆఫీసు మనిషి వచ్చాడు.

దాని అసలు పేరు తంత్రీ ప్రసార క్రమబద్ధీకరణ కార్యాలయం. జనం నోటికి ఆ పేరు పట్టక తీగల ఆఫీసు అంటారు. అనుమతి లేకుండా నడపకూడదని డిష్ కళ్లకు గోనెసంచి కప్పించి, మర్నాడు జిల్లా ఆఫీసుకు రమ్మని ఆయన చెప్పిపోయాడు. అత్తాకోడళ్లు దరఖాస్తు పట్టుకుని పోయారు.

అధికారి పేరు ప్రభంజన్ రావు. మనిషి మంచివాడే. ఎవరినీ కసరడు, చేయి చాపడు, టీ తాగిస్తాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క జబ్బు నిబంధన. నిబంధన ఎటు పొమ్మంటే అటు పోతాడు, ఎదురుగా గోడ ఉన్నా సరే.

"దరఖాస్తులో తీగ పొడవు అను గడి ఖాళీగా ఉన్నది," అన్నాడాయన.

"తీగ లేదు సారూ. గాలిల వస్తది," అన్నది ఓదెమ్మ.

"తీగ లేకపోవుట వేరు. గడి ఖాళీగా ఉంచుట వేరు. ఖాళీగా ఉంచినచో సమాచారమును దాచినట్లు పరిగణింపబడును."

స్రవంతి గడిలో సున్నా చుట్టింది.

ప్రభంజన్ రావు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని సున్నాను చూశాడు. "సున్నా పొడవు గల తీగ అనగా తీగ ఉన్నదని మీరే అంగీకరించుచున్నారు. ఉన్నది, కాని దాని పొడవు సున్నా. అట్టి తీగను ఈ కార్యాలయము ఇంతవరకు చూచి ఉండలేదు."

స్రవంతి సున్నా కొట్టేసి 'లేదు' అని రాసింది.

"ఎక్కడ లేదు?"

"ఎక్కడా లేదు సార్."

"ఎక్కడా లేనిచో జిల్లా అంతటా లేనట్లు. జిల్లా అంతటికీ అనుమతి ఇచ్చు అధికారము నాకు లేదమ్మా, రాజధానికి పోవలెను. మీ వ్యాపారమునకు ఎక్కడ నుండి ఎక్కడ వరకు లేకుండిన చాలును?"

ఓదెమ్మ ఆలోచించింది. బేరం ఆడే మనిషి గనుక, తక్కువలో తేలిపోతే మంచిదనుకుంది. "మండలం నుంచి మా ఊరి దాక లేకుంటే సాలు సారూ."

"సహేతుకముగా ఉన్నది," అని ఆయన రాసుకున్నాడు. "ఇక ఆ మార్గమున తీగ లేదనుటకు తనిఖీ జరుగవలెను."

"వచ్చి సూడుండ్రి సారూ. ఏమీ కనబడదు."

"అదే కదమ్మా సమస్య. తనిఖీ అధికారి వచ్చి ఏమీ చూడడు. కాని ఏది చూడలేదో ఆయనకు తెలియవలెను గదా. తెలియకున్న ఆయన చెట్టును చూచి తీగ లేదనవచ్చును, మేకను చూచి తీగ లేదనవచ్చును. కావున తీగ ఎచ్చట లేదో అచ్చట, దానికి బదులుగా ఒక తాడు కట్టి చూపవలెను. నిబంధనలలో దీనిని ప్రతినిధి తాడు అందురు."

స్రవంతి ఏదో అనబోయింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా ఇస్మాయిల్ సాబు తల అడ్డంగా ఊపాడు. ఆయన ఆ గదిలోనే నెరిసిన మనిషి. బయటికి వచ్చాక వరండాలో చెప్పాడు. "కట్టెయ్ బిడ్డా. నువ్వు అడ్డం మాట్లాడితే సారు ఆలోచిస్తడు. సారు ఆలోచిస్తే ఇంకో తాడు వస్తది."

మండలం నుంచి మొగిలిపాకకు గంట నడక. అంత తాడు ఎవరింట ఉంటుంది. సంఘం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. బావి చేంతాళ్లు వచ్చాయి, ఎడ్ల పగ్గాలు వచ్చాయి, ఉయ్యాల తాళ్లు వచ్చాయి, రాజమల్లు పాత మోకులు రెండు వచ్చాయి. చాలకపోతే చుట్టాల ఊళ్లకు మనుషులను పంపారు. లస్మవ్వ తన మంచం నులక విప్పించింది.

"నన్ను పీనుగును జేసిన మంచం గది. తీస్కపోండ్రి," అన్నది.

పగ్గాలు లేక ఎడ్లు ఊళ్లో పెద్దమనుషుల్లాగా తిరిగాయి. ఎవరి దూడ ఎవరి బర్రె దగ్గర పాలు తాగిందో తెలియక రోజూ ఒక పంచాయితీ. చేంతాళ్లు లేక బావిలో నీళ్లు బావిలోనే ఉన్నాయి. అయినా ఎవరూ విసుక్కోలేదు. తాడు కడితే వేలు పడుతుందని ఊరికి అర్థమైంది. తాడుకూ వేలుకూ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆఫీసు చెప్పిందంటే ఏదో ఉంటుంది.

తాడి నుంచి తాడికి, వేప నుంచి స్తంభానికి, రోడ్డు దాటి, వాగు దాటి, అడవి అంచు వెంట తాడు మండలం చేరింది. కొంత నులక, కొంత నార, కొంత ఎర్రని ప్లాస్టిక్కు.

నెల తిరిగింది. ఊరు మళ్లీ గుట్ట ఎక్కింది. లస్మవ్వ ఎక్కలేదు. రెండో నెల పోయింది.

తనిఖీ మనిషి వచ్చాడు. తాడును ఈ చివర నుంచి ఆ చివర దాకా మోటారు సైకిల్ మీద చూసుకుంటూ పోయి, వెనక్కి వచ్చి, ఓదెమ్మ చేతిలో నోటీసు పెట్టాడు. ప్రభుత్వ రోడ్డు, వాగు, అడవి మీదుగా అనుమతి లేని తాడు కట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

ఓదెమ్మ ఆ నోటీసు పట్టుకుని మళ్లీ జిల్లాకు పోయింది. ఈసారి ఆమె టీ తాగలేదు.

"తాడు కట్టుమన్నది మీరే గద సారూ."

"కట్టుమని చెప్పితిమి. ఉండవచ్చునని చెప్పలేదు," అన్నాడు ప్రభంజన్ రావు నిదానంగా. "కట్టుట ఈ కార్యాలయము పరిధి. ఉండుట రోడ్లు, అడవులు, నీటిపారుదల శాఖల పరిధి. ఆ మూడు శాఖలతో సంయుక్త తనిఖీ ఏర్పాటు చేయించెదను. ఆందోళన వలదు. నేను మీ పక్షముననే ఉన్నాను."

అది అబద్ధం కాదు. నిజంగానే ఆయన వాళ్ల పక్షాన ఉన్నాడు. లేకపోతే ఇంత పని పెట్టేవాడు కాదు.

"మా అత్తకు ఒక్క నెలనే మిగిలింది సారూ. గీ నెల వేలు పడకుంటే పేరు పోతది."

"అది పౌర సరఫరాల శాఖ," అన్నాడాయన జాలిగా.

సంయుక్త తనిఖీ వాగు ఒడ్డున జరిగింది. నాలుగు జీపులు వచ్చాయి. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, సంఘం వాళ్లు మజ్జిగ పోశారు. తాడు వాళ్ల తలల మీదుగా అటు నుంచి ఇటు పోతున్నది. అందరూ కాసేపు తలలెత్తి దాన్ని చూశారు.

"మనము చూచుచున్నది తాడు. పరిశీలించుచున్నది తీగ. లేని తీగ. అది సభ్యులు మరువరాదు," అని ప్రభంజన్ రావు మొదలుపెట్టాడు.

రోడ్ల అధికారి లావుపాటి మనిషి, కుర్చీ చివర కూర్చున్నాడు. "గడ్డి ట్రాక్టర్లు పోవు మార్గమిది. రోడ్డుకు ఎంత ఎత్తున తీగ లేదు?"

"ఎంత ఎత్తున ఉండద్దంటే అంత ఎత్తున లేదు సార్," అన్నది స్రవంతి. ఇస్మాయిల్ సాబు మాట ఆ పిల్లకు బాగా ఒంటబట్టింది.

అడవి అధికారి గొంతు సవరించుకున్నాడు. "వలస పక్షులు వాలి ప్రమాదమునకు గురియైన యెడల బాధ్యత ఎవరిది?"

"లేని తీగ మీద వాలే పక్షి ఉంటే పట్టియ్యుండ్రి సారూ, నేనే సాక్కుంట," అన్నది ఓదెమ్మ.

ఆయన నవ్వలేదు. దరఖాస్తుదారు పక్షుల సంరక్షణకు సంసిద్ధత తెలిపినారని రాసుకున్నాడు.

నీటిపారుదల అధికారి అన్నింటికన్నా లోతుగా ఆలోచించినట్టున్నాడు. "వరద కాలమున తీగ తెగి వాగులో పడినచో ప్రవాహమునకు ఆటంకము కలుగును. అట్లు పడినచో వెంటనే తొలగించెదమని హామీపత్రము ఇవ్వవలెను."

"లేనిదాన్ని తొలగిస్తమని రాయాల్నా సార్?"

"తప్పక. ఉన్నదానిని ఎవరైనను తొలగింతురు."

హామీ రాసి ఇచ్చారు. అటు తరువాత జరిగింది చూసి ఓదెమ్మకు ఆశ్చర్యం వేసింది. ఊరికి బస్సు కావాలని ఏళ్లుగా తిరిగినా కదలని ఆఫీసులు, మజ్జిగ గ్లాసులు ఖాళీ అయ్యేలోపల మూడుకు మూడూ సంతకాలు పెట్టేశాయి. ఎందుకు పెట్టరు. లేని తీగ తెగి ఎవరి మీదా పడదు. పడినా ఎవరూ చావరు. పేరు చెడకుండా పింఛను దాకా పోదామనుకునే అధికారికి ఇంతకన్నా మేలయిన తీగ దొరకదు. రోడ్ల అధికారికి ఉత్సాహం కూడా వచ్చింది. చెట్లకు కడితే గాలికి ఊగుతుంది, లేని తీగకు కూడా ఒక పద్ధతి ఉండాలి అన్నాడు. ఆయన శాఖ ఆవరణలో పడి ఉన్న పాత ఇనుప స్తంభాలు దింపించి, తాడు పొడవునా పాతించాడు. స్తంభం స్తంభానికి పసుపు బోర్డు పెట్టించాడు. 'హెచ్చరిక. ఇచ్చట తీగ లేదు.'

బోర్డులు చూడడానికి పొరుగూళ్ల నుంచి జనం వచ్చారు. కొందరు స్తంభానికి కాస్త దూరంగా నడిచారు, ఎందుకైనా మంచిదని.

ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున ఓదెమ్మ ఆఫీసు మెట్ల మీదే స్రవంతి చేత చదివించుకుంది. నాలుగు సంతకాలు, నాలుగు ముద్రలు. మండలం నుంచి మొగిలిపాక దాకా స్తంభాల మీద గల తాడు సకల శాఖల ఆమోదంతో తీగ లేమిగా ధ్రువీకరించబడినదని ఉంది. అత్తాకోడళ్లు మళ్లీ లోపలికి పోయి ప్రభంజన్ రావుకు దండం పెట్టారు.

"ఇగ డిష్ మీది గోనెసంచి తీయొచ్చునా సారూ?"

"మార్గము మంజూరైనది," అన్నాడాయన. "మార్గమున పోవునది మంజూరు కాలేదు. తరంగముల దస్త్రమును రాజధానికి పంపితిని. అంతవరకు డిష్ చెట్టు మీద ఉండుట కూడా సమంజసము కాదు. దింపించవలెను."

"ఎప్పుడొస్తది సారూ రాజధాని నుంచి?"

ఆయన ఇస్మాయిల్ సాబు వైపు చూశాడు. సాబు బల్ల మీది కాగితాల వైపు చూశాడు. "తరంగాలు జల్దిన పోతయమ్మా," అన్నాడు. "వాటి కాయితాలు పోవు."

ఊరికి వచ్చేసరికి పొద్దుగుంకింది. లస్మవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నులక పోయిన మంచం పట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. ఓదెమ్మ పక్కన కూలబడి, జరిగింది చెప్పింది. వేళ్లు పెట్టే రోజు వచ్చే వారమే. ఈసారి మంచం వద్దు, కుర్చీలో మోస్తాం, కూర్చున్న మనిషికి ఎవరూ దండం పెట్టరు అని బతిమాలింది.

"కుర్చీల మోస్తే ఊరేగిస్తున్నరంటరు. నేను రాను."

"పేరు కొట్టేస్తరత్తా."

"కొట్టెయ్యనీ. లేనట్టు రాస్కుంటరు. లేని తీగకు గన్ని సంతకాలు పెట్టిండ్రు గద, లేని ముసల్దానికి ఒక్కటి పెట్టరా." ఆ మాట అని లస్మవ్వ అటు తిరిగి కూర్చుంది. ఎప్పుడూ తిట్టే నోరు తిట్టకుండా ఊరుకోవడం ఓదెమ్మకు నచ్చలేదు. తిడితే బతికి ఉన్నట్టు ఉండేది.

ఆ పూట ఓదెమ్మకు అన్నం దిగలేదు. కంచం పక్కన పెట్టి, ఉత్తర్వు కోడలి చేతికి ఇచ్చింది.

"సదువు మల్ల. గా తాడు సంగతి కాడ."

స్రవంతి చదివింది.

"తాడు ఎంత లావుండాలని ఉన్నదా గండ్ల?"

"లేదత్తమ్మా."

"ఏం రంగుండాలని?"

"లేదు."

"తాడుకు ఏమన్న సుట్టద్దని, లోపల ఏమన్న పెట్టద్దని?"

"అదీ లే..." అని స్రవంతి ఆగిపోయింది. కాగితం దించి అత్త మొహం చూసింది. అత్త కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుతున్నది.

"రోడ్డు మీద ఒప్పుకున్నరు, వాగు మీద ఒప్పుకున్నరు, అడివిల ఒప్పుకున్నరు," అన్నది ఓదెమ్మ. "స్తంభాలు గూడ వాళ్లే పాతిండ్రు. గిన్ని జేసిండ్రంటే, పాపం, ఏదన్నొకటి పోవాలె గద దాని మీదికెళ్లి."

మర్నాడు డిష్‌లు రెండూ దింపి, మండలంలో కొన్న దుకాణానికే తీసుకుపోయారు. దుకాణదారు వాటిని వాపసు తీసుకుని, బదులుగా నల్లని కేబుల్ చుట్టలు ఇచ్చాడు. "అందరూ తీగ పారేసి డిష్ కొంటరు. మీరేంది, డిష్ పారేసి తీగ కొంటున్నరు?" అని అడిగాడు.

"తీగ కాదన్నా," అన్నది స్రవంతి. "మా దగ్గర కాయితమున్నది."

ఊరు ఊరంతా కదిలింది. ఆడవాళ్లు చుట్టలు దొర్లించారు. రాజమల్లు స్తంభం వెంట స్తంభం ఎక్కి, తాడుకు కేబుల్ ఆనించి కట్టుకుంటూ పోయాడు. ఒక్కొక్కచోట పగ్గం విప్పుకుపోదామని వచ్చినవాళ్లను ఓదెమ్మ ఆపింది. "తాడు తీయద్దు. తాడుకే సంతకమున్నది. కేబులు దాని సుట్టం." వేళ్లు పెట్టే రోజుకు ముందునాడు మండలంలో ఒక కొస, సాంబయ్య దుకాణంలో ఒక కొస పెట్టి స్రవంతి వైఫై పెట్టెకు తగిలించింది. పచ్చదీపం వెలిగింది. మిషను కూసింది.

ఆ మర్నాడు మొగిలిపాక చరిత్రలో మొదటిసారి ఊరు గుట్ట ఎక్కలేదు. దుకాణం ముందర వరుస కట్టింది. దుకాణానికి ఎదురిల్లే ఓదెమ్మది. లస్మవ్వ కర్ర పట్టుకుని తన కాళ్లతో తనే వీధి దాటి వచ్చి వరుసలో నిలబడింది. ఎవరో ముందుకు పొమ్మంటే, "నాకేం పోయేకాలమా, నిలబడ్త," అన్నది.

ఆమె వంతు ఇంకా రాకముందే జీపు వచ్చి ఆగింది. ప్రభంజన్ రావు దిగాడు. ధ్రువీకరించిన తీగ లేమి యథాతథంగా ఉన్నదో లేదో స్వయంగా చూడాలని నిబంధన. ఆయన తలెత్తి స్తంభాన్ని చూశాడు. బోర్డును చదివాడు. బోర్డు పైన తాడును, తాడును ఆనుకుని నిగనిగలాడుతున్న నల్లని కేబుల్‌ను చూశాడు.

"ఇది ఏమిటి?"

"మీరు లేదని రాసిచ్చింది సారూ," అన్నది ఓదెమ్మ. వరుసలో లస్మవ్వకు ముందు ఇంకా ముగ్గురున్నారు.

"ఇది తీగవలె ఉన్నదే."

స్రవంతి ఉత్తర్వు విప్పి ఆయన ముందు పట్టింది. ఆయన తన సంతకాన్ని చూసుకున్నాడు. దాని కింద రోడ్ల శాఖ సంతకం, దాని పక్కన అడవి, నీటిపారుదల. ఆ స్తంభాల మీద ఉన్నది తీగ లేమి అని నలుగురు గెజిటెడ్ అధికారులు ముద్ర వేసి ధ్రువీకరించారు. అక్కడ తీగ ఉన్నదని ఇప్పుడు రాస్తే నలుగురూ అబద్ధం చెప్పినట్టు. నలుగురి మీదా విచారణ. ఆ విచారణకు అధికారి ఎవరు? నిబంధన ప్రకారం ఆయనే. తనను తాను పిలిపించుకుని, తనకు తాను సంజాయిషీ ఇచ్చుకుని, తృప్తి చెందకపోతే తన మీద తానే చర్య తీసుకోవాలి. ప్రభంజన్ రావు ఆ దారంతా మనసులో నడిచి, చివరి దాకా పోయి, వెనక్కి వచ్చాడు. నుదురు తుడుచుకున్నాడు.

"తీగవలె కనిపించుట, తీగ అగుట, ఒకటి కాదు," అన్నాడు.

"అదే సార్ మేమనేది గూడ," అన్నది స్రవంతి.

ఆయన ఫోను తీసి స్తంభానికి ఫోటో పట్టాడు. తనిఖీ నివేదిక, ఫోటో అక్కడికక్కడే, నిలబడిన చోటు నుంచే పంపాలి. ఫోను పైకెత్తాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సిగ్నల్ లేదు.

"గుట్ట మీద వస్తది సారూ. నేనైతే మిషనును ఎత్తుకపోయేటోణ్ణి," అన్నాడు సాంబయ్య.

ఆయన గుట్టను చూశాడు. ఎండను చూశాడు. తన బూట్లను చూశాడు. స్రవంతి ఆయన దగ్గరికి వెళ్లి, మెల్లగా వైఫై పాస్‌వర్డు చెప్పింది. ఆయన దాన్ని ఫోనులో కొట్టుకున్నాడు. 'మొగిలిపాక మార్గమున తీగ లేదని స్వయముగా తనిఖీ చేసి నిర్ధారించడమైనది' అన్న నివేదిక ఫోటోతో సహా ఆ కేబుల్ వెంట వాగు దాటి, అడవి దాటి, రోడ్డు దాటి మండలానికి పోవడం మొదలుపెట్టింది.

అప్పుడే లస్మవ్వ మిషను మీద వేలు పెట్టింది. మిషను చక్రం తిప్పుతూ కూర్చుంది. సాంబయ్య వేలు తుడవమన్నాడు. తుడిచి పెట్టింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"పెద్ద ఫోటో పోతున్నదత్తమ్మా, అందుకే లేటు," అన్నది స్రవంతి.

"ఓ సారూ," అని లస్మవ్వ కేకేసింది. "నీ 'లేదు' ఒక్కటి జెర ఆపు. నా 'ఉన్నది' పోనీ ముందుగాల."

ప్రభంజన్ రావు ఏమనుకున్నాడో కాని, ఫోను మీద వేలు పెట్టి ఆపాడు. మిషను కూసింది. లస్మవ్వ పేరు పిలిచింది, ఇంటిపేరుతో సహా. చీటీ బయటికి వచ్చింది. ఓదెమ్మ చీటీ అందుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సాంబయ్య బియ్యం కొలిచాడు. ముసలామె చేయి పెట్టి గింజలు చూసి, నూక ఎక్కువుందని తిట్టింది. ఆ తిట్టు విని ఓదెమ్మకు కడుపు నిండింది.

నివేదిక కూడా పోయింది. ప్రభంజన్ రావు మొహంలో కళ వచ్చింది. ఇంత పకడ్బందీగా తీగ లేని ఊరు జిల్లాలో మరొకటి లేదన్నాడు. దీన్ని ఆదర్శంగా తీసుకుని, తీగ లేకుండా సేవలందించే ప్రతివారూ ఇలాగే తాడు కట్టాలని ఉత్తర్వు ఇస్తానన్నాడు. మజ్జిగ తాగి, జీపు ఎక్కబోతూ వెనక్కి చూశాడు.

లస్మవ్వ ఇంట్లోకి పోయి, పొద్దున ఉతికిన చీర బకెట్‌తో బయటికి తెచ్చింది. ఇంటి ముందర వంచి కట్టిన కేబుల్ సరిగ్గా ఆమె చేతికి అందే ఎత్తులో ఉంది. చీర పిండి, దులిపి, దాని మీద వేయబోయింది.

"అమ్మా, అమ్మా," అంటూ ప్రభంజన్ రావు ఒక కాలు జీపులో, ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాడు. "దాని మీద ఆరవేయరాదు."

లస్మవ్వ చీర పట్టుకునే అటు చూసింది, ఇటు చూసింది.

"దేని మీద సారూ?" అని అడిగింది.

ప్రభంజన్ రావు నోరు తెరిచాడు. ఓదెమ్మను చూశాడు, స్రవంతిని చూశాడు, పసుపు బోర్డును చూశాడు. నోరు మూసుకుని, రెండో కాలు కూడా జీపులో పెట్టుకున్నాడు.

లస్మవ్వ చీర ఆరేసింది.